అరచేత్తో లేతు ఆపినవాడు

"ఒక్క మాట నాన్నా. 'మా అమ్మాయిని పనిలో పెట్టుకోండి మేస్త్రీ గారూ' అని ఒకే ఒక్క మాట చెప్పు. ఆ తర్వాత నోరు తెరిచావంటే అది టీ తాగడానికే అయ్యుండాలి."

ఇంటి దగ్గర బయల్దేరినప్పటి నుంచి టీకొట్టు దాకా కూతురు ఈ మాట పదకొండుసార్లు చెప్పింది. ఆయన పదకొండుసార్లూ సరేనన్నాడు. సరేననడానికి ఆయన ఏనాడూ వెనకాడిన మనిషి కాదు. ఆ సరే మీద నిలబడటమే ఆయన వల్ల కాని పని.

టీకొట్టుకి ఎదురుగా, రోడ్డవతల మెషిన్ షాపు ఉంది. అందులో ఎనిమిది లేతులు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇనుమును గిరగిరా తిప్పుతూ చెక్కుతుంటాయి. పని నేర్చుకోవడానికి ఏడాదికి ఒక్కరినే తీసుకుంటారు, అదీ ఒకే నెలలో, ఒకటో తారీఖున. ఎవరిని తీసుకోవాలో తేల్చేది అక్కడి మేస్త్రీ. లోపల ఆ రొదలో ఆయనకు ఎవరి మాటా వినపడదు, వినపడ్డా వినడు. సరిగ్గా పదింటికి రోడ్డు దాటి టీకి వస్తాడు, పన్నెండు నిమిషాలు ఉంటాడు, అడగదలచుకున్నవాళ్లు ఆ పన్నెండు నిమిషాల్లోనే అడగాలి. పైగా ఇంట్లో పెద్దవాళ్లు వెంట రావాలని ఆయన పట్టు. రేపు చెయ్యి తెగితే నా మీదకి రాకూడదు కదా అంటాడు. తల్లి బతికుంటే కూతురు తల్లినే తెచ్చుకునేది. లేదు కాబట్టి, గత్యంతరం లేక, తండ్రిని తెచ్చుకుంది.

ఇవాళే ఆ ఒకటో తారీఖు. కూతురికి ఇరవై రెండు నిండి నాలుగు నెలలైంది. ఇరవై మూడు దాటినవాళ్లను మేస్త్రీ గడప తొక్కనివ్వడు. అంటే ఇవాళ కాకపోతే ఇక ఈ జన్మకి లేదు. రెండేళ్లుగా ఆమె స్పేర్ పార్టుల దుకాణంలో కౌంటరు వెనక నిలబడి బేరింగులు అమ్ముతోంది. ఎవరో చేసిన వస్తువుని ఎవరికో పొట్లం కట్టి ఇచ్చీ ఇచ్చీ విసుగెత్తిపోయింది. ఒక్కటైనా తన చేత్తో చెయ్యాలని పట్టుదల.

అయితే తొందరలో ఒక పొరపాటు చేసింది. ఇరవై నిమిషాలు ముందే వచ్చేసింది. తండ్రిని ఇరవై నిమిషాలు టీకొట్టు బల్ల మీద ఖాళీగా కూర్చోబెట్టడం, పిల్లిని పాలగిన్నె దగ్గర కూర్చోబెట్టడం ఒక్కటే.

ఆ వీధిలో ఆయన్ని అందరూ మైక్రాన్ మావ అంటారు. మిల్లీమీటరులో వెయ్యో వంతు మైక్రాను. టీలో పంచదార ఒక మైక్రాను ఎక్కువైందంటాడు, చొక్కా ఒక మైక్రాను బిగుతైందంటాడు. లేతు పనిలో తనను మించినవాడు పుట్టలేదని, ఇక పుట్టబోడని, పుట్టినా తన దగ్గరికే నేర్చుకోవడానికి వస్తాడని ఆయన అభిప్రాయం.

"ఏం మావా, అమ్మాయిని లేతు పనిలో పెడుతున్నావట?" అన్నాడు పక్క షెడ్డులో పనిచేసే వెల్డరు, బల్ల మీద జరిగి చోటిస్తూ. "నీ మొదటి రోజు సంగతి చెప్పు. పిల్లకి పనికొస్తుంది."

కూతురు వెల్డరు వంక కాల్చేసేలా చూసింది. వాడు పళ్లికిలించాడు. వాడికి పని లేదు, పొద్దు పోవాలి.

"పెద్దగా ఏం లేదులేరా" అన్నాడు తండ్రి.

ఆమె గుండె జారిపోయింది. 'పెద్దగా ఏం లేదు' అని మొదలుపెట్టినవే ఆయన కోతల్లో అన్నిటికన్నా పెద్దవి.

"ఏం లేదురా, నాకప్పుడు పదిహేడేళ్లు. అప్పటి మేస్త్రీ ఉన్నాడు చూశావూ, మనిషి మొహం చూసి మాట్లాడేవాడు కాదు, నా చేతిలో ఇంత ఇనప దిమ్మ పెట్టాడు, ఓ ఆకురాయి పెట్టాడు, దీన్ని ఆరు వైపులా నున్నగా, నలుచదరంగా రాకి తీసుకురా, అప్పటిదాకా నీ మొహం నాకు చూపించకు అని వెళ్లిపోయాడు. అది అందరికీ ఇచ్చేదేలే. మామూలుగా మూడు వారాలు పడుతుంది, వేళ్లు బొబ్బలెక్కుతాయి, సగం మంది ఆ దిమ్మ దగ్గరే పారిపోతారు. నేను పారిపోయే రకమా? మధ్యాహ్నం అన్నం గంట కొట్టేలోపు దిమ్మ తీసుకెళ్లి ఆయన బల్ల మీద పెట్టా."

"మూడు వారాల పని మూడు గంటల్లోనా?" అన్నాడు టీ కలుపుతున్న కొట్టతను.

"రెండున్నర. మధ్యలో టీ తాగా కదా."

ఇక్కడితో ఆపితే బాగుండుననుకుంది కూతురు. ఇంతవరకూ ఎవరైనా నమ్మితే నమ్మొచ్చు. కొట్టులోని గడియారం తొమ్మిదీ నలభై నాలుగు చూపిస్తోంది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? మేస్త్రీకి నమ్మకం కుదర్లేదు. మూలమట్టం పెట్టి, దిమ్మని వెలుతురికి ఎత్తి పట్టి చూశాడు. దిమ్మకీ మట్టానికీ మధ్య వెలుతురు దూరితే పని తప్పని లెక్క. దూరలేదు. అటు తిప్పాడు, దూరలేదు. బయటికెళ్లి ఎండకే పట్టాడు. ఎండ వచ్చి ఆ అంచు దాకా ఆగి, దారి లేక వెనక్కి పోయింది. ఈలోగా ఓ ఈగ వచ్చి దిమ్మ మీద వాలింది. వాలిందా, సర్రున జారి కింద పడింది. కాలు విరిగింది."

"ఈగ కాలా?"

"మరి నా కాలా? కుంటుకుంటూ పోయింది పాపం. ఆయన కుళ్లుకి నిద్రపట్టలేదు, ఇంకో దిమ్మ ఇచ్చాడు. అదీ రాకా. రెంటినీ ఒకదాని మీద ఒకటి పెట్టానురా, అంతే, అతుక్కుపోయాయి. జిగురు లేదు, వెల్డింగు లేదు. ఇద్దరు మనుషులు చెరోవైపు పట్టుకు లాగారు, రాలేదు. ఆరుగురు లాగారు, రాలేదు. చివరికి లారీ తెప్పించి, ఒక దిమ్మని గోడకీ ఇంకో దాన్ని లారీకీ కట్టి లాగించారు. ఏమైందనుకున్నావ్?"

"తాడు తెగింది" అన్నాడు వెల్డరు.

"తాడెందుకు తెగుతుంది, ఇనప గొలుసు! గోడ వచ్చేసింది. గోడతో పాటు మేస్త్రీ గది పైకప్పూ వచ్చేసింది. దిమ్మలు మాత్రం అలాగే ఉన్నాయి."

టీకొట్టతను నవ్వాపుకోలేక పాలు పొంగించాడు. కూతురు తండ్రి మోచేతిని గిల్లింది. ఆయన ఆ చెయ్యి దూరంగా జరుపుకుని రెండో చేత్తో కథ సాగించాడు. ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇదే మనిషి పెళ్లిళ్లలో, చావుల దగ్గర, రేషను దుకాణం వరసలో తనను తలెత్తుకోనివ్వకుండా చేశాడు. ఒకసారి కాదు, ఒక ఏడు కాదు. బళ్లో ఉన్నప్పుడు పక్క పిల్ల 'మీ నాన్న నిజంగా ఈగ కాలు విరగ్గొట్టాడా' అనడిగితే, ఏం చెప్పాలో తెలియక ఆ పిల్లతో మాట్లాడ్డమే మానేసింది. అన్నీ భరించింది. ఇవాళ ఒక్కరోజు, ఒక్క ఇరవై నిమిషాలు, కూతురి కోసం ఆ నోరు కట్టేసుకోలేడా?

"రెండో రోజు నన్ను లేతు ముందుకి రానివ్వలేదురా వాడు" అన్నాడు తండ్రి. గొంతు మారింది. మేస్త్రీ ఆయన నోట్లో 'ఆయన' నుంచి 'వాడు' అయిపోయాడు. "చెయ్యి వెయ్యకు అన్నాడు. నీలాంటోడి చెయ్యి పడితే యంత్రం పాడవుతుందన్నాడు. అందరి ముందూ అన్నాడు. నన్ను! ఒరే, ఆ మాట నాకు ఇప్పటికీ ఇక్కడ గుచ్చుకుంటుంది" అని రొమ్ము మీద కొట్టుకున్నాడు.

కోతలు కోసేటప్పుడు ఆయన కళ్లు నవ్వుతుంటాయి. ఇప్పుడు నవ్వడం లేదు. కూతురు అది గమనించింది. కానీ గడియారం తొమ్మిదీ యాభై మూడు చూపిస్తోంది, జాలిపడే తీరిక ఆమెకు లేదు.

"అప్పుడేం చేశావ్ మావా?"

"ఏం చేస్తాను? వాడు అన్నానికి వెళ్లగానే లేతు ఆన్ చేశా. ఓ ఇనప గుండు చెక్కా, ఇంత, నిమ్మకాయంత. గుండ్రమంటే అలాంటి ఇలాంటి గుండ్రం కాదు, ఎటు చూసినా ఒక్కటే, పైన ఏదో కింద ఏదో దానికే తెలీదు. నేల మీద పెట్టా. పెట్టానా, దొర్లడం మొదలెట్టింది. ఆగదే! ఎందుకాగుతుంది, ఆగడానికి దానికో మూలుండాలి కదా, ఓ నొక్కుండాలి కదా? గుమ్మం దాటింది, గేటు దాటింది, బజారులో పడింది, కూరల బండి కింద నుంచి పోయింది, ట్రాఫిక్ పోలీసు చెయ్యి అడ్డం పెట్టినా ఆగలేదు, ఊరి బయటికెళ్లిపోయింది. మూడో రోజు పొద్దున ఏమైందో తెలుసా?"

"చెప్పు మావా, చంపకు."

"వెనక గేటులోంచి లోపలికొచ్చింది."

"వెనక గేటులోంచా?"

"భూమి గుండ్రంగా ఉందని నాకు అప్పుడే తెలిసిందిరా."

వెల్డరు తొడ చరుచుకున్నాడు. రోడ్డు మీద పోయే సైకిలతను కూడా కాలు కిందపెట్టి ఆగాడు. సరిగ్గా అప్పుడే మెషిన్ షాపు చిన్న తలుపు తెరుచుకుని మేస్త్రీ బయటికొచ్చాడు. యాభై ఏళ్లుంటాయి. చొక్కా చేతులు మోచేతుల పైకి బిగించి మడిచి ఉన్నాయి. వేలికి ఉంగరం లేదు, చేతికి గడియారం లేదు. తిరిగే యంత్రానికి అందేదేదీ ఆయన ఒంటి మీద ఉండదు. రోడ్డు దాటి, ఎవరినీ పలకరించకుండా, తండ్రి వీపు వెనక నిలబడి టీ గ్లాసు అందుకున్నాడు.

కూతురు కళ్లతో సైగ చేసింది. కనుబొమ్మలు ఎగరేసింది. గొంతు సవరించింది. కూతురు కూడా కథలో పడిపోయిందనుకుని తండ్రికి హుషారు రెట్టింపైంది.

"అసలు సంగతి ఆ మూడో రోజు జరిగింది. లేతు మీద ఇనుమును కరిచిపట్టుకుని తిరిగేది చక్కు. మనిషి తలకాయకి రెండింతలుంటుంది, నిమిషానికి వెయ్యి చుట్లు తిరుగుతుంది. అది వదులైపోయింది. ఊడితే ఎవడి తల ఎగిరిపోతుందో తెలీదు. స్విచ్చు కాలిపోయింది, ఆపేదారి లేదు. అందరూ బల్లల కింద దూరారు, మేస్త్రీ అందరికన్నా ముందు దూరాడు. నేనొక్కణ్ణే నడుచుకుంటూ వెళ్లానురా. పరిగెత్తలేదు. చక్కు దగ్గరికెళ్లి, ఇలా అరచెయ్యి చాపి, దాని మీద ఆనించా."

"అయ్య బాబోయ్!"

"ఆగింది. గింజుకోలేదు, కిక్కురుమనలేదు. అది ఆగేసరికి వెనక మోటారు ఆగింది. మోటారుకొచ్చే కరెంటుకి ముందుకి దారి లేదు కదా, వెనక్కి తిరిగింది. తీగల్లో పడి ఊళ్లోకి పోయింది. ఆ పూట ఊళ్లో ఫ్యాన్లన్నీ వెనక్కి తిరిగాయి!"

"వెనక్కి తిరిగితే చెమట లోపలికి పోయిందా మావా?"

"నవ్వకురా, నిజం. పనివాడంటే అదిరా. స్విచ్చు కోసం వెతుక్కునేవాడు పనివాడు కాదు. చక్కుని చేత్తో ఆపగలిగినవాడే పనివాడు. నా కూతురికీ అదే చెప్పి పెంచా!"

అంతా నవ్వారు. మేస్త్రీ నవ్వలేదు. సగం తాగిన గ్లాసు బల్ల మీద పెట్టాడు. ఆ చప్పుడుకి తండ్రి వెనక్కి తిరిగి, లేచి నిలబడి, చేతులు జోడించి, పదకొండుసార్లు ఒప్పుకున్న ఆ ఒక్క మాట అప్పుడు చెప్పాడు.

"మా అమ్మాయిని పనిలో పెట్టుకోండి మేస్త్రీ గారూ."

"వద్దు" అన్నాడు మేస్త్రీ.

"అదేంటండీ..."

"పోయినేడు నా దగ్గరికొచ్చిన కుర్రాడు చక్కు ఆగేదాకా ఆగలేక చేత్తో ఆపబోయాడు. వాడికిప్పుడు ఆ చేతికి రెండు వేళ్లున్నాయి. ఎందుకు చేశావురా అంటే, మా మావయ్య అలాగే ఆపేవాడని చెప్పాడండీ అన్నాడు. వాడింట్లోనూ నీలాంటి వీరుడున్నాడు." మేస్త్రీ గొంతు పెంచలేదు గానీ మెడ నరాలు బిగుసుకున్నాయి. "నూనె పడితే ఊడ్చుకోవడానికి నా దగ్గర రంపపు పొట్టుంది, నెత్తురు తుడవడానికి అది చాలదు. నీ మాటలు వింటూ పెరిగిన పిల్ల నాకొద్దు. తీసుకుపో."

ఆయన టీ డబ్బులు పెట్టి రోడ్డు వైపు తిరిగాడు. తండ్రి నోరు తెరుచుకునే ఉంది, అందులోంచి మాట రావడం లేదు. జీవితంలో మొదటిసారి ఆ నోరు మూగబోవాల్సింది ఇరవై నిమిషాల క్రితం. కూతురు లేచింది. ఏడుపు రావాల్సిన చోట కోపం వచ్చింది.

"ఆగండి మేస్త్రీ గారూ! ఆయన ఏ చక్కూ ఆపలేదు. ఏ దిమ్మా రాకలేదు. ఆయన లేతు మీద చెయ్యే వెయ్యలేదు, ఒక్కసారి కూడా. ఇరవై ఆరేళ్లు వేరే షాపులో లేతుల కింద ఊడ్చాడు. ఊడ్పు పని మా నాన్నది. అంతే!"

"అమ్మడూ" అన్నాడు తండ్రి.

"నువ్వు మాట్లాడకు. ఇప్పటిదాకా మాట్లాడావు, చాల్లే." ఆమె మేస్త్రీ వైపే చూస్తోంది. "లేతు మనిషికి మచ్చలు చేతుల మీదుంటాయి. కావాలంటే మా నాన్న చేతులు చూడండి, ఏమీ ఉండవు. అరికాళ్లు చూడండి. చెప్పులు కుట్టించుకోవడానికి కూడా చాలని జీతం, ఇనప పొట్టు మీద అరిగిపోయిన చెప్పులతో నడిచాడు. ప్రతి ఆదివారం నేనే సూదితో ముక్కలు తీసేదాన్ని. నాకు ఏడేళ్లున్నప్పటి నుంచీ తీశా. నాకు పని రాదండీ. చక్కుని చేత్తో ఆపకూడదని మాత్రం తెలుసు. ఆయన చెప్పాడని కాదు, ఆయన చెప్పినవన్నీ అబద్ధాలని తెలుసు కాబట్టి!"

వెల్డరు కిసుక్కుమన్నాడు.

"నీకేం నవ్వొస్తోంది?" అని ఆమె వాడి మీదకి తిరిగింది. "రోజూ నువ్వే ఎగేస్తావు, ఆయన్ని ఆడించి నువ్వు నవ్వుకుంటావు. నోరుముయ్యి!"

వాడు నోరుమూసుకున్నాడు. తండ్రి మొహం నల్లబడిపోయింది. ఆయన మీద ఎవరో బిందెడు నీళ్లు కుమ్మరించినట్టు భుజాలు కుంగిపోయాయి. కూతురు ఆ మొహం వంక చూసింది. అన్న మాట వెనక్కి తీసుకోవాలని మాత్రం అనిపించలేదు.

"నిజమేనా?" అనడిగాడు మేస్త్రీ.

తండ్రి తలెత్తాడు. ఉన్నమాటంటే ఉలుకెక్కువంటారు. ఆయన మాత్రం ఉలకలేదు, మండిపడ్డాడు.

"ఊడ్చాను. అయితే ఏంటట?"

ఆ ఊపులోనే ముందుకొచ్చి మేస్త్రీ మొహంలో మొహం పెట్టాడు. గారూ లేదు, అండీ లేదు.

"ఊడ్చాను కాబట్టే చెప్తున్నా. నీ గేటు పక్కన ఎనిమిది డబ్బాలున్నాయి కదా, ఒక్కో లేతు పొట్టు ఒక్కో డబ్బాలో పోస్తారు కదా. మూడో డబ్బా చూశావా? నాలుగు రోజుల్నించి పొట్టు నీలం రంగులో వస్తోంది. అంతకుముందు అలా లేదు. చెక్కే టూలు పదును పోయింది, ఇనుము కాలిపోతోంది. ఆ లేతు మీదున్నవాడు పదును పెట్టుకోకుండా బలం పెట్టి నెడుతున్నాడు. ముక్కలుగా తెగాల్సిన పొట్టు తాడులాగా మూరలు మూరలు వస్తోంది. అది తిరుగుతూ తిరుగుతూ ఎవడి ముంజేతికో చుట్టుకుంటుంది. అప్పుడు నీ రంపపు పొట్టు చాలదు తుడవడానికి. పో, వెళ్లి చూసుకో."

ఇంతే చెప్పాడు. ఒక్క మైక్రాను కూడా కలపలేదు. కూతురు నిర్ఘాంతపోయి చూసింది. పుట్టి బుద్ధెరిగిన తర్వాత తండ్రి ఇంత పొట్టి పొట్టి మాటలు మాట్లాడటం ఆమె వినలేదు.

మేస్త్రీ రోడ్డు దాటి వెళ్లాడు. కాసేపటికి మెషిన్ షాపులోని రొదలో ఒక పాయ ఆగిపోయింది, దాని చోట మేస్త్రీ కేకలు వినిపించాయి. మాటలు తెలియలేదు గానీ ఎవరికో బాగానే అక్షింతలు పడుతున్నాయని టీకొట్టులో అందరికీ అర్థమైంది. ఆయన తిరిగొచ్చేటప్పటికి చేతిలో ఒక గుడ్డ, గుడ్డలో నీలంగా నిగనిగలాడే ఇనప చుట్ట ఉన్నాయి. దాన్ని బల్ల మీద పడేశాడు. విప్పితే రెండు మూరల పైనే ఉంటుంది.

తండ్రితో ఏమీ అనలేదు. కూతురితో అన్నాడు.

"రేపు ఎనిమిదింటికి రా. జుట్టు గట్టిగా కట్టుకుని, చున్నీ ఇంట్లో పెట్టి రా. నా దగ్గర ఎవరికైనా ఒకటే పద్ధతి. ముందు మూడు నెలలు ఊడ్పు. ఆ తర్వాత లేతు."

పని దొరికింది. కూతురు నవ్వబోయింది.

"నాకూ మూడు నెలలే అన్నారు" అన్నాడు తండ్రి.

గొంతు పెంచలేదు, రొమ్ము కొట్టుకోలేదు. తన అరికాళ్ల వైపు చూస్తూ అన్నాడంతే. ఆ తర్వాత ఏమైందో తెలుసా అనలేదు. అడగాల్సిన పని కూడా ఎవరికీ లేకపోయింది.

కూతురి నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. ఇంతసేపూ తండ్రి మీదున్న కోపమంతా చోటు మారింది. ఇరవై ఆరేళ్లు ఆ మనిషి రోజూ పొద్దున్నే, ఇవాళ పిలుస్తారేమో, ఇవాళ చెయ్యి వేయనిస్తారేమో అని వెళ్లాడు. పిలవలేదు. పిలవని ప్రతి రోజుకీ ఒక కోత కోసి ఇంటికి తెచ్చుకున్నాడు. ఆమె సూదితో ముక్కలు తీస్తూ, ఆ కోతలకు చెవులు మూసుకుంది.

"ఏ తారీఖు?" అంది.

"ఏంటి?"

"మూడు నెలలైన తర్వాత లేతు అన్నారు. ఏ తారీఖున? చెప్పండి, వీళ్లందరి ముందూ."

మేస్త్రీ కనుబొమ్మలు ముడిపడ్డాయి. పని అడగడానికి వచ్చినవాళ్లు ఎదురు ప్రశ్న వేయడం ఆయనకు అలవాటు లేదు. "నా మాట మీద నమ్మకం లేదా?"

"మా నాన్న నమ్మాడండీ" అంది.

మేస్త్రీ మొహం ఎర్రబడింది. కొట్టి పంపేస్తాడేమో అనుకున్నాడు వెల్డరు. కూతురికీ భయం వేసింది. అయినా చూపు దించలేదు. మేస్త్రీ ఆమె వంక చూశాడు, తండ్రి కాళ్ల వంక చూశాడు. చొక్కా జేబులోంచి సుద్దముక్క తీశాడు, ఇనుము మీద గుర్తులు పెట్టుకునే సుద్ద. టీకొట్టు చెక్క తలుపు మీద, రోడ్డున పోయే ప్రతివాడికీ కనిపించేంత పెద్ద అక్షరాలతో, మూడు నెలల తర్వాతి ఒకటో తారీఖు వేసి, పక్కన 'లేతు' అని రాశాడు.

"చాలా?" అన్నాడు కోపంగా.

కూతురు తలూపింది. తండ్రి మాత్రం తలుపు దగ్గరికెళ్లి ఆ అంకెల్ని వేలితో చూపిస్తూ చదివాడు. పక్కనే వేలాడుతున్న క్యాలెండరు కాగితాలు మూడు తిప్పి చూశాడు. మళ్లీ తలుపు చూశాడు. అప్పుడు మేస్త్రీ వైపు తిరిగి సుద్దముక్క కోసం చెయ్యి చాపాడు.

"ఆ రోజు ఆదివారం, షాపు మూసేస్తారు. ఒకరోజు ముందు తారీఖు వెయ్యాలి."